లైట్లన్నీ ఒక్కటై వెలిగిన పూట

ధర్మవరంలో వేణుగోపాల్ పట్టుచీరల కొట్లో చీరలు విప్పి పరిచేది ఆయన, మడత పెట్టేది ఆయన భార్య మంజులత. ఆ ఉదయం ఆమె ముప్పయ్యో చీర మడత పెడుతుండగా ఆయన కేక వినబడింది.

"వీడియో ఆగిపాయ! బెంగళూరు కస్టమర్లు లైన్లో ఉండారు. నెట్టు యాడికి పాయనే?"

నెట్టు ఆయనదే. నెట్టుకొచ్చేది మాత్రం ఆమె. పెళ్లికి ముందు హిందూపురంలో ఒక ఫ్యాక్టరీ నెట్‌వర్క్ గదిలో, పెట్టెల మీది లైట్లు కనిపెట్టుకుంటూ రెండేళ్లు పనిచేసింది. తొమ్మిదేళ్లుగా ఈ కొట్లో కెమెరాలు, బిల్లింగు, ఆన్‌లైన్ అమ్మకాలు, వాటి తీగలు అన్నీ ఆమె చేతి మీదే. జీతం లేదు, జీవితాంతం డ్యూటీ. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ మళ్లీ రమ్మంది. వచ్చేదీ రానిదీ ఈ సాయంత్రంలోగా చెప్పాలి. నిన్న ఆ మాట ఎత్తితే మామ నాగభూషణం, "నువ్వు ఆడ పోయి లైట్లు చూస్తాంటే ఈడ పొయ్యి ఎవురు చూస్తారమ్మా?" అన్నాడు. మొగుడు నవ్వాడు. "లైట్లు చూసేదీ ఒక ఉద్యోగమేనా? మన వీధి స్తంభం కింద కుక్క గూడా చూస్తాది." పట్టు అమ్మే ఇంట్లో ఆమెను పట్టించుకునే దిక్కు లేదు.

మంజులత తలెత్తి, కొట్లోని నెట్టు తీగలన్నీ వచ్చి కలిసే గోడ మీది స్విచ్ పెట్టెను చూసింది. తీగ దూరే ప్రతి రంధ్రం పక్కనా ఒక చిన్న పచ్చ లైటు. వెలగకపోతే అవతల ఎవరూ లేరని. నిలకడగా వెలిగితే ఉన్నారు కానీ మాటలు లేవని. ఆ రకం ఆమెకు బాగా తెలుసు, కాపురం చేసేది అలాంటివాడితోనే. మిణుకుమంటుంటే మాటలు నడుస్తున్నాయని, ఒక్కోదానిది ఒక్కో లయ. ఈ రోజు మాత్రం అన్నీ ఒకే తాళానికి, ఊపిరాడనట్టు కొట్టుకుంటున్నాయి.

"అన్నీ వెలుగుతాండాయి గదా, తిరునాళ్ల మాదిరి!" అన్నాడు వేణుగోపాల్.

"అదే తప్పు. ఒకే తీగ రెండు కొసలూ ఈ పెట్టెలోనే దూరినాయి. పోయిన మాటే మళ్లా మళ్లా చుట్టుకుంటాంది. ఎవురన్నా ముట్టినారా?"

"నీకేం తెల్సని? పెనుకొండ నుంచి మెకానిక్ నరేష్ వస్తాండాడు. పోయి కాఫీ పెట్టుపో."

రెండు గంటల తర్వాత నరేష్ వచ్చాడు. అందాకా ఆమెను ఆ పెట్టె ముట్టనియ్యలేదు. పెట్టెను తట్టాడు, ఆపాడు, వేశాడు. "ఇది పోయిందన్నా. కొత్తది ఏయాల" అని తేల్చాడు. మంజులత కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టి, అదే చేత్తో ఒక తీగ కొస పీకింది. లైట్లు కుదుటపడ్డాయి. దేని లయ దానికి తిరిగి వచ్చింది. వీడియో మళ్లీ కలిసి, బెంగళూరు ఆవిడ "హలో" అంది.

"అయ్యో, దాన్ని ఏమిటికి పీకితివమ్మా?" అన్నాడు నాగభూషణం. "పొద్దున నేనే దూర్చినా. కొస అట్ల వేలాడతాంటే చూస్తా ఎట్లుండేది? తెగిన పోగు అతకకుండా మగ్గం కాడ్నించి లేచినోన్ని కాదు నేను."

అది ఆమె లాప్‌టాప్‌కు పెట్టుకునే తీగ. యాభై ఏళ్ల నేత చెయ్యి ఖాళీ రంధ్రం చూసి ఊరుకోలేకపోయింది. ఆ ముసలాయన మీద ఆమెకు కోపం రాలేదు. వచ్చింది తర్వాతి మాటకు.

"చూస్తివా? నరేష్ చెయ్యి పడంగానే వచ్చింది!" అన్నాడు వేణుగోపాల్.

నరేష్ ఆమె వైపు చూశాడు. కాఫీ వైపు చూశాడు. కాఫీనే ఎంచుకున్నాడు.

"నెట్టు వచ్చింది గదా, ఆ ఫ్యాక్టరీవాళ్లకు రానని కొట్టెయ్" అన్నాడు మొగుడు మళ్లీ.

మంజులత కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు ముక్కలు కొట్టి పంపింది.

"ఏమని పంపినావు?"

"సోమవారం చేరతానని. పొద్దున రైలుకు పోతా."

కాళ్లు విరగ్గొడతాననో, పుట్టింటికి పొమ్మనో అంటాడని కాచుకుంది. ఆయన తత్తరపడ్డాడు, ఆ తత్తరపాటులో నోట్లోంచి వేరే మాట జారింది.

"మళ్లా ఇది ఆగిపోతే ఈడ ఎవురు బాగుచేస్తారే?"

నరేష్ తల దించుకున్నాడు. ఇక్కడ అన్నీ బాగుచేసేది తనేనని ఇన్నేళ్లూ ఆయనకు తెలియదనే అనుకుంది మంజులత. తెలియనివాడికి ఏదో ఒకనాడు తెలియజెప్పవచ్చన్న ఆశతోనే తొమ్మిదేళ్లు నెట్టింది. ఆయనకు తెలుసు. మొదటినుంచీ తెలుసు.