సలహా ఇవ్వబడింది

మంగళవారం అంటే ఆ ఆరోగ్య కేంద్రంలో షుగరు రోగుల రోజు. తిరునెల్వేలికి పడమట, ఇంటింటా బీడీలు చుట్టే ఊరది. ఎనిమిది గంటలకే వరండా నిండిపోయేది. వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది ఆడవాళ్లే. ఆకు కత్తిరించి కత్తిరించి వేళ్లు కాయలు కాసినవాళ్లు, వేలికొసన రక్తం చుక్క తీస్తుంటే ఉలిక్కి కూడా పడనివాళ్లు.

"రా పేచ్చియక్కా, రా! నీకోసమే చూస్తున్నా" అంది నర్సు సెల్వకని. మిషను మీద అంకె చూసి గొంతు పెంచింది. "మూడువందల ఇరవై! విన్నారామ్మా? మన ఊళ్లో వేరే పంచదార కొట్టు అక్కర్లేదు. అక్క ఒంట్లోనే ఉంది."

వరండా గొల్లుమంది.

"అన్నం తగ్గించమన్నానా?"

"తగ్గించానమ్మా."

"ఎక్కడ తగ్గించావు, పక్కింట్లోనా? రోజూ అరగంట నడవమన్నాను, అదేమైంది?"

"నడుస్తానమ్మా."

"ఏడాదిగా ఇదే పాట! గోడకి చేరగిలబడి పొద్దస్తమానం కూర్చుంటే ఆ కాళ్లు దేనికీ పనికిరాకుండా పోతాయి, చూస్తూ ఉండు."

"అది కాదు నర్సమ్మా, ఈ మధ్య కాళ్లు మొద్దుబారి..."

"నడిస్తే అవే బాగవుతాయి. తర్వాత ఎవరు?"

అందరితో పాటు పేచ్చియమ్మాళ్ కూడా నవ్వింది. మాత్రలు కొంగున ముడేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ నవ్వును చూసి సెల్వకని, తన మాట చెవికెక్కిందనే అనుకుంది.

సెల్వకని చెడ్డ మనిషి కాదు. ఒక్క పూటలో ఎనభై మందిని చూడాలి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దక్కితే గొప్ప. తిట్టేది వాళ్ల మంచికేనని మనసారా నమ్మింది. ఆమెకు చదువు చెప్పినవాళ్లు రక్తం తీయడం నేర్పారు, సూది వేయడం నేర్పారు. ఏళ్ల తరబడి ఉన్న అలవాటును మానుకోమని సాటి మనిషికి ఎలా చెప్పాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఆ సంగతి ప్రభుత్వానికి ఆలస్యంగా తట్టింది. నర్సులందరికీ తిరునెల్వేలిలో రెండు రోజుల శిక్షణ పెట్టారు. పాఠం చెప్పడానికి అరుళ్‌మొళి అనే పెద్దావిడ వచ్చింది. ముప్పయ్యేళ్లు పల్లె ఆసుపత్రుల్లోనే పనిచేసి రిటైరైన డాక్టరు.

"ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు రోగి, ఒకరు నర్సు. రోగి నిజమే చెప్పాలి. నర్సు మాత్రం రోజూ మాట్లాడినట్టే మాట్లాడాలి" అందావిడ.

సెల్వకని రోగి అయింది. ఆమెకు నిజంగానే రక్తపోటు ఉంది, మాత్రలు సరిగా వేసుకోదు, నాలుగడుగులు నడవదు. ఎదుట కూర్చున్న వడివు అనే నర్సు ఆ మాట వినగానే అందుకుంది.

"నర్సువై ఉండి నీకే బుద్ధి లేకపోతే రోగులకేం చెబుతావే? ఒళ్లు చూసుకున్నావా? ఉప్పు చేప మానవు, పొద్దున్నే లేవవు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక ఏడుద్దువుగాని!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సెల్వకని కూడా నవ్వింది. లోపల మాత్రం నిప్పు పెట్టినట్టయింది.

డాక్టరమ్మ దగ్గరికొచ్చింది. "రేపట్నించి నడుస్తావా?"

"నడవను. మళ్లీ ఈవిడ మొహం కూడా చూడను" అంది సెల్వకని. ఈసారి ఎవరూ నవ్వలేదు.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని ఆమె ఎదుట కూర్చుంది. నీకు ఏ వేళ తీరిక అని అడిగింది. నడవనివ్వకుండా అడ్డం పడుతున్నదేమిటని అడిగింది. నీ అంతట నువ్వు మొదలుపెట్టగల చిన్న పని ఏదని అడిగింది. ఆపైన నోరు మెదపకుండా కూర్చుంది. మంచాన పడ్డ తల్లి గురించీ, రాత్రిళ్లు నిద్ర లేకపోవడం గురించీ సెల్వకని ఎన్నడూ ఎవరికీ చెప్పని మాటలు చెప్పుకొచ్చింది. అప్పుడు ఆమెకు వరండాలో నవ్వుతూ నిలబడ్డ పేచ్చియమ్మాళ్ మొహం కళ్లముందుకొచ్చింది.

మంగళవారం కోసం ఆత్రంగా ఎదురుచూసింది. పేచ్చియమ్మాళ్ రాలేదు. మరుసటి మంగళవారమూ రాలేదు. రిజిస్టరు తీసి చూస్తే మూడు నెలలుగా ఆమె పత్తా లేదు. అంతకు ముందు పదకొండు నెలలూ ఆమె పేరు ఎదుట సెల్వకని చేతిరాతే ఉంది: 'ఆహారం, వ్యాయామంపై సలహా ఇవ్వబడింది.'

సాయంత్రం వెతుక్కుంటూ ఇంటికి వెళ్లింది.

పేచ్చియమ్మాళ్ గోడకి ఆనుకుని, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కుడి కాలు మోకాలి కింద లేదు.

సెల్వకని గుమ్మంలోనే కూర్చుంది.

"ఏమైందక్కా? ఎలా జరిగింది?"

పేచ్చియమ్మాళ్ చాటలోంచి ఇంకో ఆకు తీసింది. జవాబు చెప్పింది కూతురు ఇసక్కి.

"మీరే కదా నడవమన్నారు! నడిచింది. పొద్దున్న నీళ్లు, వంటతో తీరదు. సాయంత్రం టీ కొట్టు దగ్గర మగాళ్లుంటారు. మొగుడు పోయినదానికి షికార్లేమిటని ఒకడు అననే అన్నాడు. అందుకని వీధిలో నరమానవుడు లేని మిట్టమధ్యాహ్నం నడిచేది. ఒకరోజు తారు రోడ్డు మీద చెప్పు జారిపోయింది. మొద్దుబారిన కాలు కదా, జారినట్టు అమ్మకు తెలియనే లేదు. ఇంటికొచ్చాక నేను చూశాను. ఒక కాలికే చెప్పుంది, రెండో అరికాలు కాలిపోయి తోలు ఊడి వేలాడుతోంది."

"మరి వెంటనే రాలేదేం?"

"రమ్మన్నాను. ఆ నర్సమ్మ నలుగురిలో నన్ను చూసి నవ్విస్తుంది, నేను రాను అంది. పసుపు పెట్టుకుని కూర్చుంది. వాసన వేశాక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం."

సెల్వకని పాకుతున్నట్టే లోపలికి జరిగి ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, అన్నం సంగతీ నేనెప్పుడూ అడగలేదు. అసలు నువ్వు రోజూ ఏం తింటావు?"

పేచ్చియమ్మాళ్ చెయ్యి మెల్లగా విడిపించుకుంది. ఆకులో పొగాకు సర్ది, చుట్టి, దారం కట్టింది.

"పొద్దున చద్దన్నం. మధ్యలో కళ్లు తిరిగితే తాటిబెల్లం కాఫీ. రోజుకి వెయ్యి బీడీలు చుట్టాలి కదమ్మా, చేతులాడాలంటే కడుపులో ఏదో ఒకటి పడాలి. ఏడాది పాటు మీ ఎదుటే నిలబడ్డాను. ఇప్పుడు అడుగుతున్నారా తల్లీ?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే సెల్వకనికి కాస్త ఊరటగా ఉండేదేమో.

మరుసటి ఏడాది కొత్త నర్సుల శిక్షణకు సెల్వకనిని మాట్లాడమని పిలిచారు. "నువ్వు నేర్చుకున్నాక బాగుపడ్డవాళ్ల గురించి చెప్పమ్మా, వీళ్లకు ఉత్సాహంగా ఉంటుంది" అన్నాడు అధికారి. అలాంటివాళ్లు లేకపోలేదు, ఓ పదిమంది ఉన్నారు. సెల్వకని వాళ్లెవరి గురించీ చెప్పలేదు. పేచ్చియమ్మాళ్ కథే మొదటినుంచి చివరిదాకా చెప్పింది, పంచదార కొట్టు వేళాకోళంతో సహా. అధికారి గడియారం చూసుకున్నాడు. రాసుకుంటున్న కొత్త నర్సులు రాయడం ఆపేశారు.

"నేను నేర్చుకున్న పాఠానికి ఖరీదు ఇంకొకరు కట్టారు. మీ దగ్గరికొచ్చే మనిషికి బుద్ధి లేక కాదమ్మా జబ్బు ముదిరేది. తిండికీ నడకకీ అడ్డం పడే బతుకు ఒకటి ఆ మనిషికి ఉంటుంది. దాన్ని అడగకుండా, చెప్పేది చివరిదాకా వినకుండా ఇచ్చే సలహా వైద్యం కాదు, అవమానం."

చెప్పి కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.