పూజ చేంజ్ కాదు

2011 సెప్టెంబర్ 10, శనివారం మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఫణికుమార్ ఇంటి ముందు ట్రెయిలర్ లైట్లు వెలగలేదు. కుడి ఇండికేటర్ వెలగలేదు. ఎడమది వెలగలేదు. బ్రేక్ లైట్లు కూడా వెలగలేదు. అదే రోజు ఉదయం 11 గంటలకు అన్నీ వెలిగాయి. ఆయన భార్య జాహ్నవి ఫోన్‌లో తీసిన వీడియో అందుకు సాక్ష్యం.

ఆ ట్రెయిలర్ మీద తెలుగు సంఘం వారి వినాయకుణ్ణి ఊరవతల చెరువుకు తీసుకెళ్ళాలి. నిమజ్జనం తొమ్మిదో రోజు జరగాలి. తొమ్మిదో రోజు శుక్రవారం వచ్చింది. శుక్రవారం ఆఫీసులుంటాయి కాబట్టి పదో రోజు చేయాలని కమిటీ తీర్మానించింది. విగ్రహం క్లబ్‌హౌస్ హాల్లో ఉంది. నాలుగున్నరకు అదే హాల్లో ఎవరిదో పుట్టినరోజు పార్టీ. నాలుగింటికల్లా దేవుడు హాలు ఖాళీ చేయాలి.

మూడేళ్ళుగా విగ్రహాన్ని లాగుతున్నది శశికాంత్ పికప్ ట్రక్కు. మూడేళ్ళుగా సంఘం సావనీర్ అట్ట మీద దాని ఫొటోయే వస్తోంది. ఆ మూడేళ్ళూ ఫణికుమార్ పులిహోర కౌంటర్ దగ్గర నిలబడ్డారు. ఈసారి తన ఎస్‌యూవీ లాగుతుందని ఆయన ఆగస్టు మీటింగ్‌లో ప్రకటించారు. ప్రకటించే నాటికి ఎస్‌యూవీకి ట్రెయిలర్ తగిలించే హిచ్ లేదు. కమిటీ ఒక షరతు పెట్టింది. లైట్లు వెలగకపోతే ఫణికుమార్ బండి కదలదు, శశికాంత్ ట్రక్కు వస్తుంది.

హిచ్‌ను షాపులో బిగించి ఇస్తారు. ఫణికుమార్ షాపుకు వెళ్ళలేదు. కారణం మామగారు ఈశ్వరయ్య. ఆయన గుంటూరు ఆర్టీసీ డిపోలో ముప్ఫై నాలుగేళ్ళు బస్సుల ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. జూన్‌లో భార్య జ్ఞానప్రసూనతో కలిసి కూతురింటికి వచ్చారు. వచ్చిన మూడో రోజు వంటింట్లో కుళాయి కారింది. ఫణికుమార్ ప్లంబర్‌ని పిలిచారు. ప్లంబర్ వెళ్ళాక ఈశ్వరయ్య, "వాషరు," అన్నారు. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు. ఫణికుమార్ మరిచిపోలేదు.

నిమజ్జనానికి కుదరని శుక్రవారం ఫణికుమార్ ఆఫీసుకు సెలవు పెట్టి హిచ్ బిగించారు. మామగారికి గరాజ్‌లో మడత కుర్చీ వేశారు.

"మావయ్యగారూ, మీరు ఏదీ ముట్టుకోకండి. ఏమన్నా అయితే విజిటర్ ఇన్సూరెన్స్ కవర్ చేయదు."

"ముట్టుకోను అల్లుడుగారూ. చూస్తా. చూట్టానిక్కూడా ఇన్సూరెన్స్ కావాలా?"

ఫణికుమార్ ఇంటర్నెట్‌లో వీడియో ఆరుసార్లు చూశారు. హిచ్ బరువు ముప్ఫై కిలోలు. జాహ్నవి కారు కింద పడుకుని కాళ్ళతో దాన్ని ఎత్తిపట్టారు. ఆయన బోల్టులు బిగించారు. శనివారం పొద్దున వైరింగ్ చేశారు. వెనక లైట్ల దగ్గర మొదలైన వైర్లు బంపర్ కింద ఒక రబ్బరు సాకెట్‌లో ముగిశాయి. దానికి మూడు చిల్లులు, ఒక పిన్ను ఉన్నాయి. ట్రెయిలర్ ప్లగ్ అందులో దూరాలి.

"ఎర్త్ వైరు బిగించే చోట పెయింట్ గీకారా?" అని ఈశ్వరయ్య ఒకసారి అడిగారు.

"గీకాను."

"ఊఁ."

పదకొండుకు లైట్లు వెలిగాయి. వీడియో తీశారు. ప్లగ్ పీకి పక్కన పెట్టారు.

12.20కి పూజ జరిగింది. జ్ఞానప్రసూన పళ్ళెంలో పసుపు, గంధం చిక్కగా కలిపి తెచ్చారు.

"ఇప్పుడెందుకమ్మా, టైమ్ లేదు," అన్నారు జాహ్నవి.

"కొత్త ఇనుమే. దేవుణ్ణి లాగేది. ఊరికే ఎలా కదుల్తుందే?"

ఆమె స్టీరింగ్‌కు, నాలుగు చక్రాలకు, హిచ్‌కు, వాడిన రెంచీకి బొట్లు పెట్టారు. సాకెట్‌కు మూడు చిల్లులకూ మూడు, పిన్నుకొకటి పెట్టారు. కొబ్బరికాయ హిచ్ గుండు మీద కొట్టారు. ఒక్క దెబ్బకు పగిలింది. బిగింపు గట్టిగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. తర్వాత భోజనం చేశారు. 2.10కి ప్లగ్ మళ్ళీ పెట్టారు.

2.25కి సంఘం కార్యదర్శి అమర్‌నాథ్ నలుగురు సభ్యులతో వచ్చారు. ఆయనది వరంగల్. ఐదుగురూ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తారు. గరాజ్‌లోని ఫ్రీజర్ మీద లాప్‌టాప్ తెరిచారు. డబ్లిన్‌లో ఉంటున్న మాజీ కార్యదర్శిని స్పీకర్ ఫోన్‌లోకి తీసుకున్నారు.

"పొద్దుగాల పనిచేసిందా?" అడిగారు అమర్‌నాథ్.

"చేసింది. వీడియో ఉంది," అన్నారు ఫణికుమార్.

"మరి మధ్యల ఏం చేంజ్ చేసిన్రు?"

"ఏం చేయలేదు. పూజ చేశాం, అంతే."

"పూజ చేంజ్ కాదు. ఇంకేమన్నా?"

"భోంచేశాం."

అమర్‌నాథ్ షీటులో 'చేంజెస్: ఏమీ లేవు' అని టైప్ చేశారు.

ఫ్యూజులు రెండుసార్లు మార్చారు. ఒక సభ్యుడు బండి రీస్టార్ట్ చేయమన్నారు. పదకొండుసార్లు చేశారు. హిచ్ మొత్తం విప్పి మొన్నటి స్థితికి రోల్‌బ్యాక్ చేయమని డబ్లిన్ నుంచి సూచన వచ్చింది.

2.50కి ఈశ్వరయ్య కుర్చీలోంచి లేచారు. వంగి బంపర్ కిందకు చూశారు. తర్వాత భార్య వైపు చూశారు. ఆమె ఐదుగురికీ కాఫీ అందిస్తూ, "పూజ చేసిన బండి నాయనా, ఎందుకు వెలగదూ?" అంటున్నారు. ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

"నాన్నా, నువ్వొకసారి చూడొచ్చుగా?" అన్నారు జాహ్నవి.

"ముట్టుకోవద్దన్నారుగా అమ్మా."

3.20కి అమర్‌నాథ్ శశికాంత్‌కు ఫోన్ చేశారు. 3.24కి ట్రక్కు వచ్చింది. శశికాంత్ ఇల్లు ఇరవై నిమిషాల దూరం.

"ఫణీ, ఏం ఫీలవకు," అన్నారు శశికాంత్. "హిచ్ నీట్‌గా ఉంది. సైకిళ్ళ స్టాండ్ పెట్టుకోవచ్చు."

ఫణికుమార్ ట్రెయిలర్‌ను తన బండి నుంచి విప్పి ట్రక్కుకు తగిలించారు. జ్ఞానప్రసూన మళ్ళీ పళ్ళెం తెచ్చారు.

"నీ బండికి పూజ అయిందా బాబూ?"

"కొన్నప్పుడే అయింది ఆంటీ."

"ఈ ఏడాదికి కాలేదుగా."

ఆమె స్టీరింగ్ దగ్గర మొదలుపెట్టి సాకెట్ వరకు బొట్లు పెట్టారు. శశికాంత్ చేతులు జోడించి నిలబడ్డారు. ఈశ్వరయ్య కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నారు.

3.33కి ప్లగ్ పెట్టారు. లైట్లు వెలగలేదు.

"అయితే ఇష్యూ ట్రెయిలర్‌లనే ఉన్నది," అన్నారు అమర్‌నాథ్.

ఫణికుమార్ కుర్చీ దగ్గరకు వచ్చారు. "మావయ్యగారూ, ఒకసారి చూస్తారా?"

"ఇన్సూరెన్సో?"

"నేను చూసుకుంటాను."

ఈశ్వరయ్య లేచారు. "ప్రసూనా, కాసిని మంచినీళ్ళు పట్టుకురా," అన్నారు. ఆమె లోపలికి వెళ్ళారు. ఆయన జాహ్నవి చున్నీకున్న పిన్నీసు అడిగి తీసుకున్నారు. అందరికీ వీపు పెట్టి ఎస్‌యూవీ బంపర్ దగ్గర గొంతుక్కూర్చున్నారు. పిన్నీసుతో సాకెట్ చిల్లులు శుభ్రం చేసి, పిన్నును కండువాతో తుడిచారు. ట్రెయిలర్‌ను ట్రక్కు నుంచి విప్పించి, దగ్గరకు తెప్పించుకుని దాని ప్లగ్‌నూ తుడిచారు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. ట్రక్కు దగ్గరకు ఆయన వెళ్ళలేదు.

"తగిలించండి అల్లుడుగారూ."

కుడి ఇండికేటర్ వెలిగింది. ఎడమది వెలిగింది. బ్రేక్ లైట్లు వెలిగాయి.

"ఏమైంది మావయ్యగారూ?"

"ఎర్త్ లూజు."

"నేను గీకి బిగించానే!"

ఈశ్వరయ్య గుమ్మం వైపు చూశారు. జ్ఞానప్రసూన నీళ్ళ గ్లాసుతో వస్తున్నారు.

"గీకారు, బిగించారు. మీరు చేసిందంతా కరెక్టే. ట్రెయిలర్ వాడిది లూజు."

"మరి నా ట్రక్కు?" అన్నారు శశికాంత్.

"అదీ అందువల్లే అయ్యుంటుంది బాబూ."

ఆయన నీళ్ళు తాగారు. పిన్నీసు కూతురికి తిరిగి ఇవ్వలేదు. జేబులో వేసుకున్నారు.

3.44కి ఎస్‌యూవీ ట్రెయిలర్‌తో బయల్దేరింది. ఈశ్వరయ్య ముందు సీట్లో కూర్చున్నారు. 3.59కి విగ్రహం హాలు ఖాళీ చేసింది. ఆ ఏడాది సావనీర్ అట్ట మీద ఎస్‌యూవీ ఫొటో వేశారు.

ఆదివారం అమర్‌నాథ్ సభ్యులందరికీ మెయిల్ పంపారు. అందులో మూడు విషయాలున్నాయి. రూట్ కాజ్: ట్రెయిలర్ ఎర్త్ లూజు. చేంజెస్: ఏమీ లేవు. వచ్చే ఏడాదికి సిఫార్సు: ఏ బండి లాగినా, రెండు బండ్లకూ ముందుగానే పూజ చేయించాలి.

సోమవారం శశికాంత్ ట్రక్కును డీలర్ దగ్గరకు తీసుకెళ్ళారు. అక్కడ సాకెట్ మార్చారు. పాత సాకెట్ నిండా పసుపుపచ్చని పదార్థం ఉందని, అదేమిటో తెలియలేదని మెకానిక్ రసీదు మీద రాశారు.