పద్నాలుగు శాతం వంకర

ఉబాల్దో తెహెరాన్ అనేవాడి పికో పేరు ఎల్ బుర్రో. బుర్రో అంటే గాడిద. మనిషెత్తు స్పీకరు పెట్టెలు కట్టించి, వాటి మీద రంగుల్లో ఒక బొమ్మ వేయించి, ఆదివారం మధ్యాహ్నం పేటనంతా చిందులు తొక్కించే సరంజామాని బరాంకియా ఊళ్లో పికో అంటారు. మిగతా పికోల వాళ్లు పులులనీ, పిడుగులనీ, చక్రవర్తులనీ పేర్లు పెట్టుకున్నారు. ఉబాల్దో మాత్రం పళ్లికిలించే గాడిదను వేయించాడు. పులి అరిస్తే జనం పారిపోతారు, గాడిద అరిస్తే నవ్వుతూ దగ్గరికొస్తారు అన్నది అతని సిద్ధాంతం. సిద్ధాంతం సంగతి ఎలా ఉన్నా, అసలు బొమ్మ వేసినవాడికి గాడిద తప్ప మరో జంతువు రాదు.

గాడిద గొంతు కూడా పేరుకు తగ్గదే. గాజు వాల్వుల పాత యాంప్లిఫయరు అది. వెలిగించిన కాసేపటికి దాని మీద గుడ్డు ఉడకబెట్టుకోవచ్చు. పాట అందులోంచి బొంగురుగా, చిక్కగా, పీపాలోంచి పొంగినట్టు బయటికొచ్చేది. రెబోలో పేట జనం చెవులతో కాదు, పొట్టలతో వినేవారు.

గాడిద పరువంతా ఒక్క పాట మీద నిలబడింది. ఓడ మీద పనిచేసే ఒకడు ఆఫ్రికా నుంచి తెచ్చిన రికార్డు. అదేమిటో మరో పికోవాడు కనిపెట్టకుండా, దాని మధ్యనున్న కాగితాన్ని ఉబాల్దో బ్లేడుతో గీకిపారేశాడు. ఇది పికో ధర్మం, అందరూ చేసేదే. పాడిందెవరో, ఏ భాషో ఆ దేవుడికే తెలియాలి. కానీ పల్లవి వచ్చేసరికి రెబోలో మొత్తానికి అది తమ మాటల్లోనే వినపడేది: "సుయేగ్రా, బాహతే!" అత్తా, కిందికి దిగు!

అత్త ఎక్కడుంది? ఎదురుగానే, ఎత్తరుగు మీద, ఊగే కుర్చీలో. దోన్యా పెత్రోనా, ఉబాల్దోకి స్వయానా అత్తగారు. ఇల్లు ఆవిడది, పెరడు ఆవిడది, గాడిద తాగే కరెంటు కూడా ఆవిడదే. పల్లవి రాగానే పెరట్లోని జనమంతా ఆవిడ వైపు తిరిగి, చేతులూపుతూ "అత్తా, దిగు!" అని గొంతులు చించుకునేవారు. "ఆ పాడినోడి నోట్లో మన్ను పడ!" అంటూ ఆవిడ విసనకర్రని కత్తిలా ఊపేది. అల్లుడు కావాలనే తనమీద పాట కట్టించాడని ఆవిడ అనుమానం. అలాగని ఒక్క ఆదివారమైనా కుర్చీని లోపలికి లాక్కుపోయిందా అంటే, లేదు.

ఈ సుఖం ఇలా సాగుతుండగా ఎల్ బోస్కే పేట నుంచి ఒక కొత్త పికో దిగింది. పేరు ఆర్చిబిషప్, అంటే పెద్ద పాదిరీ. మెరిసే కొత్తరకం యాంప్లిఫయరు, వాల్వుల్లేవు, వేడి లేదు. కార్నివాల్ పండగకి ముందు ఆదివారం రెబోలోలోనే గాడిదతో తలపడతానంది. ఎవరి పెట్టెల ముందు జనం నిలబడితే కార్నివాల్ ఆటలు వాళ్లవి. ఆర్చిబిషప్ మైకులో వాగే ఎలియేసెర్ అనేవాడు ఊరంతా తిరిగి చాటాడు. "మా డిస్టార్షన్ సున్నా పాయింటు సున్నా ఐదు! గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన!"

ఉబాల్దోకి సున్నాలంటే భయం లేదు గానీ, కార్నివాల్ పోతే తానేమవుతాడో తెలుసు. పికో పోయిన పికోవాడు మేళం పోయిన పెళ్లికొడుకుతో సమానం. అందుకే రేడియో స్టేషన్లో పనిచేసే బావమరిది విల్ఫ్రీదోని పిలిపించాడు. విల్ఫ్రీదో తన సూది మీటరు తెచ్చి, గాడిదకి తీగలు తగిలించి, డాక్టరు మొహం పెట్టాడు.

"బావా, నీ గాడిదకి పద్నాలుగు శాతం."

"పద్నాలుగేనా? ఎలాగోలా ముప్ఫై దాకా లాగరా, నీకు పుణ్యముంటుంది."

"అవి మార్కులు కాదు బావా, వంకర! లోపలికెళ్లిన పాటకీ బయటికొచ్చిన పాటకీ తేడా. పాటలో లేనివన్నీ నీ పెట్టె సొంతంగా కలిపి పాడేస్తోంది."

"మీ అక్క కూడా అంతేగా. నేను ఒక్క ముక్కంటే దానికి నాలుగు కలిపి ఊరంతా..."

"ఏవయ్యా, నాకు వినపడుతోంది!" అంది వంటింట్లోంచి పెళ్లాం దెయనీరా.

ఉబాల్దో గొంతు తగ్గించాడు. "అది సరేగానీ, ఆ వంకర మన జనం చెవికి తెలుస్తుందంటావా? ఇన్నేళ్లలో ఒక్కడైనా వచ్చి, గురూ, పాట వంకరగా ఉంది అన్లేదే."

"చెవిదేముంది బావా, అలవాటు పడితే కాకి కూడా కోయిలే. సూది అబద్ధమాడదు."

విల్ఫ్రీదో మంచివాడు. చెప్పిన ప్రతి ముక్కా నిజమే. నిజం చెప్పే బంధువుతో వచ్చే చిక్కేమిటంటే, కాదనడానికి కారణం దొరకదు. ఆ వారంలోనే కొత్త యాంప్లిఫయరు తయారైంది. మీటరు పెడితే సూది సున్నా దగ్గర నిద్రపోయింది. పాత దాని వాల్వుల్ని పరీక్షించి చూస్తానని విల్ఫ్రీదో మూటగట్టి స్టేషనుకి పట్టుకుపోయాడు.

ఆదివారం వచ్చింది. పెరడు కిటకిటలాడింది. ఒక పక్క గాడిద, ఇంకో పక్క బంగారు టోపీ పెట్టుకున్న ఆర్చిబిషప్. మొదటి పాటలకి గాడిద తప్పు పట్టనివ్వలేదు. ఏ డప్పుకి ఆ డప్పు విడిగా, గిటారు తీగ తీగా తెలిసేలా వినిపించింది. "గాడిదకి జలుబు తగ్గినట్టుందిరోయ్" అన్నాడొకడు. "జలుబు కాదు, బడికెళ్లొచ్చింది" అన్నాడు ఇంకొకడు, చేతిలోని బుతిఫార్రా సాసేజి ముక్క నములుతూ. మెచ్చుకున్నారో వెక్కిరించారో ఉబాల్దోకి అంతు పట్టలేదు. ఇక ఆలస్యమెందుకని అసలు రికార్డు తీశాడు.

జనం ఈల వేశారు. పెత్రోనా విసనకర్ర అందుకుంది. పల్లవి దగ్గరకొచ్చింది. పెరడంతా అరుగు వైపు తిరిగి నోళ్లు తెరిచింది.

"సువేలా, మ్బా యాటే," అని పాడాడు పాడేవాడు. స్పష్టంగా, తీయగా, కడిగిన ముత్యంలాగ.

తెరిచిన నోళ్లు తెరిచినట్టే ఉండిపోయాయి. రెండోసారి పల్లవి వచ్చింది. మళ్లీ సువేలాయే. అత్త లేదు, దిగడం లేదు.

"ఇది ఆ పాట కాదు!" అని ఎవడో మొదలెట్టాడు.

"అసలుది అమ్మేశాడ్రా!"

"ఎవడికి?"

"ఇంకెవడికి, ఆర్చిబిషప్‌కి!"

పికోవాణ్ని తాగుబోతన్నా పడతాడు, దొంగన్నా పడతాడు. సొంత పేట పాటని అమ్ముకున్నాడంటే ఇక తలెత్తుకోలేడు. ఉబాల్దో రికార్డు పైకెత్తి చూపించాడు. "కళ్లు కనపడట్లేదా? ఇదే కదరా అది!"

"గీకిన రికార్డులన్నీ ఒకేలా ఉంటాయి గురూ," అన్నాడు ముందు వరసలోనివాడు. కాదనడానికి ఏముంది? ఎవరూ గుర్తుపట్టకూడదని గీకింది తనే.

"పాట అదే! ఆ మాట పాటలో ఎప్పుడూ లేదు, మన పాత పెట్టె కల్పించింది!" అని మైకులో మొత్తుకున్నాడు.

"అంటే ఇన్నాళ్లూ మేం చెవిటోళ్లమా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏమిటలా కొరుకుతున్నావు అన్నాడట. ఉబాల్దో పని అలాగే అయింది. విల్ఫ్రీదో వైపు తిరిగి "పాతది తగిలించరా!" అని అరిచాడు.

"వాల్వులు స్టేషన్లో ఉన్నాయి బావా. ఇవాళ తాళం."

అవతల ఎలియేసెర్ మైకు అందుకున్నాడు. "గాడిదకి గొంతు కడిగితే గాడిదే కొట్టుకుపోయింది!" జనం నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే అటువైపు కదిలారు. ముందు కుర్రకారు, వాళ్ల వెనక ఆడపిల్లలు, ఆ వెనక బీరు సీసాలతో పెద్దవాళ్లు. ఉబాల్దోకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

అరుగు మీద పెత్రోనా కుర్చీ ఊగడం ఆగింది.

"ఒరే విల్ఫ్రీదో, వాడేమంటున్నాడ్రా?"

"తెలీదమ్మా. ఏ భాషో ఏమో. అత్త అని మాత్రం అన్లేదు."

"మరి ఇన్నేళ్లూ?"

"ఇన్నేళ్లూ అన్లేదమ్మా. నిన్ను కాదు."

ఈ మాటకి ముసలామె పండగ చేసుకుంటుందనీ, ఇకమీద తన నెత్తిన ఎక్కి తొక్కుతుందనీ ఉబాల్దో అనుకున్నాడు. ఆవిడ మొహం మాత్రం చిన్నబోయింది. పెరటి వైపు చూసింది. ఒక్కడంటే ఒక్కడు అరుగు వైపు చూడటం లేదు. అందరి వీపులే కనపడుతున్నాయి. అరుగు ఉన్నట్టుండి బాగా ఎత్తయిపోయినట్టనిపించింది ఆవిడకి.

విసనకర్ర కుర్చీలో పడేసి లేచింది. మోకాళ్లు పట్టుకుంటూ, చర్చిలోని పునీతులందర్నీ పేరుపేరునా తిట్టుకుంటూ మెట్లు దిగింది. పికో పెట్టిన నాటినుంచీ ఆవిడ పెరట్లోకి రావడం ఉబాల్దో చూడలేదు. నేరుగా వచ్చి అతని చేతిలోంచి మైకు లాక్కుంది.

"మళ్లీ పెట్టు అల్లుడూ."

"అత్తయ్యా, పోయింది. ఇక పెట్టి ఏం లాభం?"

"పెట్టమంటుంటే! ముక్కు తుడుచుకుని పెట్టు."

పెట్టాడు. గిటారు మొదలైంది. అవతలికి పోతున్నవాళ్లు వెనక్కి తిరిగి చూడలేదు. పల్లవి వచ్చింది. సువేలా అన్న మొదటి అక్షరం పాడేవాడి నోట్లో ఉండగానే, చేపలవాళ్లతో బేరాలాడి ఆరితేరిన ఆ గొంతు వాడి మీద పడింది.

"సుయేగ్రా! బాహతే!"

వీపులన్నీ ఒక్కసారి మొహాలయ్యాయి. గాడిద పెట్టెల ముందు, నేల మీద, మైకు పట్టుకుని అత్త నిలబడి ఉంది. దిగమని అన్నేళ్లు అరిచినవాళ్లకి, దిగిన అత్తని ఏం చేయాలో ఒక క్షణం తోచలేదు. రెండోసారి పల్లవికి పెరడు పెరడంతా ఆవిడతో కలిసి ఓండ్ర పెట్టింది. మూడోసారికి ఆర్చిబిషప్ ముందున్నవాళ్లు కూడా ఇటు పరుగెత్తారు. పేటలోని అల్లుళ్లందరూ వరసగా ఆవిడ చెయ్యి పట్టుకుని తిప్పారు. ఎలియేసెర్ మైకులో ఏదో చెప్పాడు, చాలా స్పష్టంగానే చెప్పి ఉంటాడు, ఎవరూ వినలేదు.

కార్నివాల్ గాడిదకే దక్కింది. పాట అయ్యాక ఉబాల్దో ఒక పీట తెచ్చి వేశాడు. పెత్రోనా కూలబడి, ఎవరో అందించిన బీరు సగం గటగటా తాగేసింది. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుంది. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"అత్తయ్యా," అన్నాడు ఉబాల్దో. ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించి పట్టుకున్నాడు. ఆవిడ లాక్కోలేదు. "నా పరువు నిలబెట్టావు. ఏం కావాలో అడుగు."

"రేపు పొద్దున్నే ఆ గాజుబుడ్లు తెప్పించి పాత పెట్టెనే తగిలించు. ఆ మాట పాటలో లేకపోతే పోనీ, పెట్టెలో ఉందిగా." మిగతా బీరు తాగి సీసా అతని చేతికిచ్చింది. "వారం వారం నన్ను నేనే పిలుచుకోవాలంటే సిగ్గుగా ఉండదూ?"