ఎనభై ఏడో రోజు

గురువారం మధ్యాహ్నం ఇటలీలోని బారీలో ముసలివాళ్లందరూ కునుకు తీస్తారు. వాళ్లని కనిపెట్టుకుని ఉండే మా జార్జియా ఆడవాళ్లకి ఆ పూట సెలవు. ఖతూనా తన ముసలావిడ సిన్యోరా విన్చెన్జాకి సూపు తాగించి, మూతి తుడిచి, మంచం మీదకి చేర్చి, కాసేపు గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. తర్వాత ఏప్రన్ మేకుకి తగిలించి, కూతురు తెయోనాతో కలిసి స్టేషన్ పక్క పార్కుకి బయల్దేరింది. ఇంటికి పంపాల్సిన నూనె డబ్బాలూ, మనవరాలు బర్బారేకి కొన్న ఎర్ర బూట్లూ సంచీలో ఉన్నాయి. ఐదేళ్ల బర్బారే జార్జియాలోని కుతైసిలో తెయోనా ఆడపడుచు దగ్గర ఉంది.

ఎండ బాగా కాస్తోంది. దారిపొడవునా తెయోనా పక్కన బెత్తెడు నీడ నడిచింది. ఖతూనా పక్కన ఏమీ నడవలేదు.

వీసా లేకుండా వచ్చేవాళ్లకి తొంభై రోజులే గడువు. దిగిన రోజు నీడ నిండుగా ఉంటుంది. రోజుకింత చొప్పున తల వైపు నుంచి తరుగుతూ వచ్చి, తొంభయ్యో రోజుకి పాదాల దగ్గర అయిపోతుంది. ఈలోపు సరిహద్దు దాటిపోతే అవతల మళ్లీ మొలుస్తుంది. ఉండిపోతే మొలవదు. సరిహద్దులో అధికారి పాస్‌పోర్టు తెరవడు, నేల చూస్తాడు. నీడ లేనివాళ్లని లోపలికీ రానివ్వడు, బయటికీ పోనివ్వడు. పార్కు బెంచీల మీద కూర్చునే ఆడవాళ్లలో సగం మందికి నీడ లేదు. ఖతూనాకి పధ్నాలుగేళ్లుగా లేదు. ఆవిడ వచ్చేటప్పటికి తెయోనాకి పదకొండేళ్లు. మొగుడి శవాన్ని కూడా ఫోన్లోనే చూసింది.

కురచబడ్డ నీడ కాళ్లకి వదులుగా ఉంటుంది. ఇద్దరికీ చెల్లే పిలుపు వినబడితే, ఎవరిని పిలిచారో వాళ్ల కాళ్లకి పోతుంది. మావాళ్లకి ఈ చిక్కు మరీ ఎక్కువ. మాలో తాత మనవణ్ణి 'తాతా' అంటాడు, మేనత్త మేనకోడల్ని 'అత్తా' అంటుంది. కూతురు తల్లిని 'అమ్మా' అంటే, తల్లి కూడా కూతుర్ని 'అమ్మా' అనే అంటుంది. ఎవరు ఎవరో మనకి తెలుసు, నీడకి తెలియదు. అందుకని చివరి రోజుల్లో పేర్లు పెట్టి పిలుచుకోమని పార్కులో అందరూ అందరికీ చెబుతారు.

తెయోనా ఊరికే చుట్టపు చూపుగా రాలేదు. బరువులెత్తడం మానకపోతే ఖతూనా గుండె ఈ చలికాలం దాటదని డాక్టరు చెప్పాడు. మానేస్తే ఉండటానికి గది ఉండదు. తల్లిని ఇంటికి తీసుకెళ్లే దారేదైనా ఉందేమోనని తెయోనా వేసవంతా ఆఫీసుల చుట్టూ తిరిగింది. ప్రతిచోటా నేల చూసి తల అడ్డంగా ఊపారు.

"ఏమే తెయోనా, నీ నీడ మేకపిల్ల తోకంత అయిందే! ప్రయాణం ఎప్పుడు?" అంది బెంచీ మీద నుంచి నజిబ్రోలా. పార్కులో అందరికన్నా పాత మనిషి ఆవిడ.

"ముప్పయ్యో తారీఖు. టికెట్ కొనేశాను. జూలై ఒకటిన దిగాను, సరిగ్గా మూడు నెలలు."

వ్యాను పైకి మూటలెత్తుతున్న జౌరీ ఆగాడు. వారం వారం మా మూటలు కుతైసికి మోసుకుపోయే డ్రైవరు అతను.

"మూడు నెలలని ఎవరన్నారు చెల్లీ? తొంభై రోజులు. జూలైకి ముప్పై ఒకటి, ఆగస్టుకి ముప్పై ఒకటి. దిగిన రోజూ లెక్కే. ఇవాళ నీకు ఎనభై ఏడు."

తెయోనా వేళ్లు మడిచి చూసుకుంది. విప్పి మళ్లీ మడిచింది.

"బళ్లో నాకే లెక్కలు రావనుకున్నాను," అంది నజిబ్రోలా.

"విమానం సంగతి మర్చిపో," అన్నాడు జౌరీ. "రాత్రి ఓడకి నా వ్యాను గ్రీసు దిగుతుంది. శనివారం సాయంత్రానికి సరిహద్దు దాటేస్తాం. ఒక్క సీటుంది, ఎక్కు."

"బట్టలు..."

"బట్టలు నేను పంపిస్తాలేవే," అంది ఖతూనా. "ఎక్కు తెయోనా. ఆలోచించకు, ఎక్కు." కూతురి తల గుండెకి అదుముకుంది. ఆ గుండె ఎలా కొట్టుకుంటోందో తెయోనా చెవికి తెలిసింది. నోరు జారింది.

"అమ్మా!"

బెత్తెడు నీడ తెయోనా చెప్పుల నుంచి జారి, ఇసుక మీద ఒక్క నిమిషం అటూ ఇటూ చూసినట్టు ఆగి, ఖతూనా కాళ్లకి అంటుకుంది.

జౌరీ నేల చూశాడు. "నీడ ఉన్నవాళ్లే ఎక్కండి," అన్నాడు. "ఓడ నా కోసం ఆగదు."

ఖతూనా కూతుర్ని 'అమ్మా' అని ఒక్క మాట అంటే చాలు, నీడ తిరిగి వెళ్లిపోతుంది. అనడానికి నోరు తెరిచింది. తెయోనా అరచేత్తో ఆ నోరు మూసేసింది.

"వద్దు. ఖతూనా, ఆ మాట అనకు."

ఖతూనా ఆ చెయ్యి లాగేసింది. "నీకేమైనా పిచ్చా? పిల్లని ఏం చేద్దామని? ఐదేళ్లది!"

"దానికి నువ్వుంటావు. నాకు లేవు."

కోపంగా అన్న మాట కాదు. టైము చెప్పినట్టు చెప్పింది. ఖతూనా మళ్లీ నోరు తెరవలేదు. నజిబ్రోలా లేచి, ఆవిడ జబ్బ పట్టుకుని వ్యాను మెట్టెక్కించి, సంచీ ఒళ్లో పెట్టింది. తలుపు మూసుకుంది. కిటికీ అద్దం వెనక ఖతూనా పెదాలు బిగబట్టుకుని, వ్యాను మలుపు తిరిగేదాకా అలాగే కూర్చుంది.

"మందులు ఎక్కడున్నాయో తెలుసా ముసలిదానివి?" అని అడిగింది నజిబ్రోలా.

"తెలుసు."

"పద మరి. ఆరింటికి లేస్తుంది."

సిన్యోరా విన్చెన్జా ఆరింటికే లేచింది. చూపు ఎప్పుడో పోయింది. తెయోనా ఆవిడ చంకల కింద చేతులు దూర్చి లేవనెత్తబోయింది.

"ఖతూనా, ఇవాళ నీ చేతులు ఇంత చల్లగా ఉన్నాయేం?"

తెయోనా అరచేతులు ఒకదానికొకటి రుద్దుకుంది.

"బయట గాలిగా ఉంది సిన్యోరా," అని, ముసలావిడ బరువు మీదకి తీసుకుంది.