కొత్తిమీర ఏరిన చెయ్యి

మొగుడు పరదేశం నుంచి సెలవు మీద వచ్చి, మూడు రోజులు ఊళ్లు తిప్పుతానంటే ఏ పెళ్లామైనా సంబరపడుతుంది. ఫ్లోరా కూడా పడింది. పడుతూనే, అడక్కుండా ఇంత బెల్లం చేతిలో పెడుతున్నాడంటే వెనక చేదు మందు ఏదో ఉందని కూడా అనుకుంది. నెల్లూరు ఆస్పత్రిలో ఏళ్ల తరబడి నర్సు పని చేస్తున్న మనిషికి ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా.

మందు ఏమిటన్నది రహస్యమేమీ కాదు. ఆమె భర్త సుశీల్ కుమార్ రొయ్యపిల్లల హేచరీలో టెక్నీషియన్. మొదట్లో ఈ తీరం మీదే పని చేశాడు, తర్వాత థాయ్‌లాండ్ పోయాడు. రెండేళ్లని పోయినవాడు ఐదేళ్లు ఉండిపోయాడు. ఏడాదికి ఒకసారి చుట్టంలా వచ్చి, చుట్టంలాగే పోతాడు. ఇప్పుడు కంపెనీవాళ్లు ఇంకో ఐదేళ్లు ఉండమంటున్నారు. సెలవు అయ్యేలోగా ఏ సంగతో చెప్పాలి. పాస్టరు గారి ముందు, తల్లి రెబెక్కమ్మ ముందు అతను బంగారంలాంటి మాట అన్నాడు: “ఫ్లోరా ఒప్పుకుంటేనే పోతా. వద్దంటే ఈడ్నే ఏదో ఒకటి చూసుకుంటా.”

అంటే బరువంతా తెచ్చి ఫ్లోరా నెత్తిన పెట్టాడన్నమాట. ఫ్లోరా వద్దనడానికే బయలుదేరింది. జనవరి ఇరవై ఆరు సోమవారం పడి మూడు రోజులు కలిసొచ్చాయి. ఆ మూడు రోజుల్లో వీలు చూసుకుని, ఏడవకుండా, గొంతు పెంచకుండా, ఇక చాలు ఇంటికి వచ్చెయ్యండి అని చెప్పాలి. అంతకుమించి ఆమెకు వేరే కోరిక లేదు.

శనివారం పొద్దున ఆమె పులిహోరతో పాటు కొత్తిమీర పచ్చడి సీసా కూడా సంచిలో పెడుతుంటే రెబెక్కమ్మ నవ్వింది. “మూడు దినాలకు గూడా పచ్చడి మోసకపోవాల్నా తల్లా? మేక కడుపున పుట్టాల్సినదానివి, దోవ తప్పి మా ఇంటికొచ్చినావు.”

ఆ మేక పేరు పెళ్లైన కొత్తలో వచ్చింది. వాళ్ల సంఘంలో ఆడవాళ్లు పూలు పెట్టుకోరు. పక్కింటి మొగుళ్లు సాయంత్రం పూట మల్లెచెండు తెస్తుంటే, సుశీల్ స్టోన్‌హౌస్‌పేట మార్కెట్ నుంచి కొత్తిమీర కట్ట తెచ్చేవాడు. తడికాగితంలో చుట్టి, వీపు వెనక దాచి, గుమ్మంలో నిలబడి ఇచ్చేవాడు. ఫ్లోరా కడగనైనా కడక్కుండా ఒక రెమ్మ తుంచి నోట్లో వేసుకునేది. ఊరంతా చూసి నవ్వినా ఆమెకు ఆ కట్టే మల్లెచెండు.

పిల్లలు పుట్టలేదు. డాక్టర్లు ఇద్దరిలోనూ ఏ లోపమూ లేదన్నారు. లోపం లేదంటే లోకం ఊరుకుంటుందా, ఆడదాని మీదికే తోసింది. రెబెక్కమ్మ శుక్రవారం శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టించి, పదిమంది ఆడవాళ్ల మధ్య కోడల్ని మోకరింపజేసి, ఆమె పొట్ట మీద చెయ్యి వేసి మనవణ్ణో మనవరాలినో ఇమ్మని దేవుణ్ణి అడిగేది. ఒకసారి ఫ్లోరా ఇంటికొచ్చి గోడకు తిరిగి ఏడుస్తుంటే సుశీల్ పక్కన కూర్చుని, “దేవుడిస్తే సరే. ఈకపోతే మనిద్దరం చాలు” అన్నాడు. ఐదేళ్ల ఒంటరితనాన్ని ఫ్లోరా ఆ ఒక్క మాట మీద నెట్టుకొచ్చింది.

మొదట నేలపట్టు పోయారు. నీళ్లలో నిలబడ్డ చెట్ల నిండా గూడబాతులు. తల్లిపక్షులు సంచీల్లాంటి నోళ్లు తెరిస్తే పిల్లలు తలలు లోపలికి దూర్చి చేపలు తింటున్నాయి. సుశీల్ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, కదలడే. ఫ్లోరా పక్కకు చూసేసరికి అతని కళ్లలో నీళ్లు. పిచ్చిది, మన బాధే అనుకుంది. అతని వేళ్లు పట్టుకుని నొక్కి, “పోనీలెండి” అంది.

ఆ తర్వాత పులికాట్ ఒడ్డున ఫ్లెమింగోలు చూసి, పులిహోర తిని, పొద్దుగూకే వేళకు మైపాడు చేరారు. సరుగుడు తోపు పక్కన కొత్తగా కట్టిన రిసార్ట్ అది. గేటు మీదే ‘అసలైన థాయ్ రుచులు’ అని బోర్డు. సుశీల్ అందుకే దాన్ని ఎంచుకున్నాడు. “నేను ఆడ ఏం తింటానో నువ్వు ఒకసారి తినాల” అన్నాడు. ఆ మాటకు ఫ్లోరా కరిగిపోయింది.

వంటాయన పేరు జడ్సన్. ఇందుకూరుపేట మనిషే, బ్యాంకాక్ హోటళ్లలో గరిటె తిప్పి వచ్చాడు. ఫ్లోరా బోసి మెడ, పూలు లేని జడ చూసి తమవాళ్లేనని పోల్చుకుని, “వందనాలన్నా, వందనాలక్కా” అంటూ వచ్చాడు. “కారం మన లెక్కన వేసేదా, వాళ్ల లెక్కనా?”

“వాళ్ల లెక్కనే వెయ్యి” అన్నాడు సుశీల్.

టామ్ యమ్ అని ఒక చారు వచ్చింది. నిమ్మగడ్డి వాసన గుప్పుమంది. బొమ్మిడాయిల పులుసు తిని పెరిగిన నాలుకకు, చింతపండు మరిచిపోయి హడావిడిగా నిమ్మకాయ పిండిన రసంలా తోచింది. అయినా బాగుందనే చెప్పింది. దాంట్లో రొయ్యలు తలలూ తోకలతో సహా తేలుతున్నాయి, పైన పచ్చగా కొత్తిమీర. అలవాటు ప్రకారం రొయ్యలు ఒలవడానికి ఫ్లోరా చెయ్యి చాచింది. ఇంటి దగ్గర ఎప్పుడూ ఆమే ఒలిచి పెట్టాలి. “పగలంతా వాటితోనే సస్తుండా, పళ్లెంలో గూడా నేనే ఒలవాల్నా” అని విసుక్కునేవాడు. ఆ ఇంట్లో మగవాడికి చెయ్యి కడుక్కుని కూర్చోవడం ఒక్కటే పని.

అలాంటి సుశీల్ ఆమె చెయ్యి మెల్లిగా పక్కకు జరిపాడు. రొయ్యను తీసి, తల తుంచి, పెంకు ఒలిచాడు. చెంచా అంచుతో దాన్ని మూడు ముక్కలు చేశాడు. మీదున్న ఆకులు ఒక్కొక్కటే ఏరి తన పళ్లెం అంచున పెట్టుకున్నాడు. చెంచాలోకి ఇంత అన్నం, ఒక ముక్క, కాస్త చారు తీసుకుని, ఉఫ్ ఉఫ్ మని ఊది, ఆమె పళ్లెంలో పెట్టాడు. ఇదంతా కంపెనీ సంగతులు చెబుతూనే చేశాడు, చెయ్యి దాని పాటికది పోతోంది.

ఫ్లోరా కళ్లు చెమర్చాయి. మంచినీళ్ల బిందె ఎక్కడుందో తెలియని మగవాడు తనకు ఒలిచి, ఊది పెడుతున్నాడు! ఎన్ని శుక్రవారాల ఉపవాసాలు, ఇన్నాళ్లకు దేవుడు ఇలా ఆలకించాడనుకుంది. కళ్లు తుడుచుకుని, తేలికపడ్డ మనసుతో వేళాకోళం ఆడింది. “మేకని ఎదురుగా పెట్టుకుని ఆకులన్నీ మీరే దాచిపెట్టుకుంటే ఎట్టా?”

సుశీల్ తన పళ్లెం వంక చూసుకున్నాడు. ఆ ఆకులు ఎవరో తెచ్చి పెట్టినట్టు చూశాడు. “ఆఁ... అక్కడ అలవాటైపోయింది” అన్నాడు.

“అదేందన్నా, అక్కడోళ్లు వేర్లు గూడా వదలరు, నూరి వేసుకుంటారు గదా!” అంటూ జడ్సన్ గిన్నె తీసుకుని పోయాడు. సుశీల్ తల వంచుకుని గబగబా తిన్నాడు. ఫ్లోరా దాన్ని పట్టించుకోలేదు. కడుపు నిండినవాడికి గారెలు చేదంటారు. ఐదేళ్ల ఆకలి మీదున్న మనిషికి మాడిన గారె కూడా తియ్యగానే ఉంటుంది.

ఆదివారం ఆరాధన తప్పింది. ఆ తప్పు తీరేలా ఫ్లోరా ఒడ్డున కూర్చుని తనకు వచ్చిన కీర్తన పాడుకుంది. మరపడవలు ఒడ్డుకు వచ్చి ఉన్నాయి, వలల్లోంచి చేపలు దులుపుతున్నారు. సుశీల్ దూరంగా పడవల చాటున నిలబడి ఫోన్‌లో వాళ్ల భాష మాట్లాడుతున్నాడు. గొంతు సన్నం చేసి, సాగదీసి, రాగంలాగా. ఇంత కష్టమైన భాష ఎంత ముద్దుగా పలుకుతున్నాడో అని ఫ్లోరా గర్వపడింది కూడా. కంపెనీవాళ్లతో ఎవరైనా అంత ముద్దుగా మాట్లాడతారా అన్న ఆలోచన అప్పుడు రాలేదు.

సాయంత్రం ధైర్యం చేసింది. “ఇంక చాలండీ. వచ్చెయ్యండి. ఉన్నదాంట్లో బతుకుదాం. మనిద్దరం చాలని మీరే గదా అనింది.”

అతను ఇసకలో కాలితో గీతలు గీశాడు. కాదనలేదు, ఔననలేదు. “పొద్దున మాట్లాడుకుందాంలే” అన్నాడు. కాదనలేదు కదా అదే పదివేలు అనుకుని ఆమె ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

సోమవారం పొద్దున రిసార్ట్‌లో జెండా ఎగరేసి, తలా ఇంత బూందీ పంచారు. టిఫిన్ దగ్గర పక్క టేబుల్లో బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చిన కుర్ర జంట, వాళ్ల మూడేళ్ల పాప. పాపకు తండ్రి ఉప్మా తినిపిస్తున్నాడు. కరివేపాకు ఏరి తన పళ్లెం అంచున పెట్టుకుంటున్నాడు. జీడిపప్పు చెంచా అంచుతో ముక్కలు చేస్తున్నాడు. ఊదుతున్నాడు. చెంచా కింద రెండో అరచెయ్యి పట్టి, “ఆఁ అను బంగారూ” అంటూ తను కూడా నోరు తెరుస్తున్నాడు. అది చూసి ఫ్లోరా నవ్వింది. ఎదుటివాళ్ల పిల్లల్ని చూసి మనసారా నవ్వడం ఆమె ఎంతో కష్టపడి నేర్చుకున్న విద్య.

అంతలో జడ్సన్ రెండు గిన్నెలు తెచ్చి పెట్టాడు. “పోతాపోతా ఇది రుచి చూడాలక్కా. అక్కడ పొద్దున్నే తినే రొయ్యల గంజి.” పొగలు కక్కే గంజి, మధ్యలో రొయ్యలు, మీద గుప్పెడు కొత్తిమీర.

సుశీల్ రాత్రంతా కూడగట్టుకున్న మాటలు మొదలుపెట్టాడు. “అది కాదు ఫ్లోరా, ఈ ఐదేళ్లు గానీ ఉంటినంటే, మేనేజర్‌ని చేస్తామంటుండారు...” చెప్తుంటే చెప్తున్నాడు, చెయ్యి దాని పని అది మొదలుపెట్టింది. ఆ చెయ్యి ఆమె గిన్నెలోంచి ఆకులు ఏరి అతని పళ్లెం అంచున పెట్టింది. రొయ్యను మూడు ముక్కలు చేసింది.

ఫ్లోరా నవ్వు మొహం మీదే ఆగిపోయింది. పక్క టేబుల్ చెయ్యి చూసింది, తన టేబుల్ చెయ్యి చూసింది. రెండూ ఒకటే చెయ్యి. పెళ్లానికి రొయ్య ఒలిచి పెట్టే మొగుళ్లు లోకంలో ఉండవచ్చు. నమలగలిగిన పెళ్లానికి మూడు ముక్కలు చేసి, ఊది పెట్టే మొగుడు ఎక్కడా ఉండడు.

ఆమె అతని కళ్లలోకి చూస్తూ నోరు తెరిచింది. “ఆఁ” అంది.

సుశీల్ మాట ఆపకుండానే చెంచా ఎత్తాడు. ఊదాడు. కింద రెండో అరచెయ్యి పట్టాడు. చెంచా ఆమె నోటి దగ్గరికి వచ్చేసరికి అతని నోరు కూడా తెరుచుకుంది. కన్నవాళ్ల నోరు అలాగే తెరుచుకుంటుంది, ఎవరూ నేర్పక్కర్లేదు.

ఫ్లోరా ముద్ద తీసుకుంది. ఉప్పు లేదు, కారం లేదు. మింగి, నెమ్మదిగా అడిగింది. “పాపా, బాబా?”

చెంచా గిన్నెలో పడింది. సుశీల్ మొహంలో నెత్తురు లేదు. అబద్ధం కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. సముద్రం వైపు చూశాడు, జెండా వైపు చూశాడు, చివరికి టేబుల్ వైపు చూస్తూ, “పాప” అన్నాడు.

“ఎన్నేళ్లు?”

“మార్చికి మూడు నిండుతాయి.”

“కొత్తిమీర తినదా?”

“ముట్టుకోదు. ఆకు కనబడితే ఏడస్తాది.” చెబుతుంటే, ఆ స్థితిలో కూడా, అతని పెదవి అంచున చిన్న మురిపెం మెరిసింది. అతనికి తెలియకుండానే మెరిసింది. అది ఫ్లోరా చూసింది. ఇంకో ఆడదాన్నయితే తిట్టి పోసేది, జుట్టు పట్టుకోవడానికి విమానమెక్కేది. కొత్తిమీర చూసి ఏడ్చే పసిదాన్ని ఏమని తిట్టాలి? మొన్న గూడబాతుల దగ్గర అతని కన్నీళ్లను తను ఓదార్చిందే, దానికి ఎక్కడ తల కొట్టుకోవాలి?

“నేను కావాలని చేసినాననుకుంటావేమో ఫ్లోరా...”

“ఇంక చాలు. పోండి. నేను ఒప్పుకున్నాను” అంది. “ఐదేళ్లు కాదు. మళ్లీ రావద్దు. ఆ బిడ్డకు ఒలిచి పెట్టే చెయ్యి ఆ బిడ్డ దగ్గరే ఉండాల.”

బతిమాలతాడేమోనని ఒక్క క్షణం చూసింది. ఇంత జరిగాక కూడా చూసింది, సిగ్గులేని మనసు. వద్దనీ, నిన్ను వదిలి పోననీ, నువ్వెట్టా ఉంటావనీ, ఏదో ఒకటి అంటాడని. సుశీల్ ఊపిరి వదిలాడు. ఎన్నాళ్లుగానో మోస్తున్న మూట దించినవాడిలా భుజాలు కిందికి జారాయి.

“అమ్మకి ఏం చెప్పేది?” అన్నాడు.

ఫ్లోరా అతని పళ్లెం తన ముందుకు లాక్కుంది. అంచున ఏరి పెట్టిన కొత్తిమీరంతా గుప్పిట్లోకి తీసుకుని నోట్లో వేసుకుంది. పక్క టేబుల్ పాప అది చూసి కిలకిలా నవ్వింది. ఫ్లోరా ఆఖరి రెమ్మ దాకా నమిలి మింగాక జవాబు చెప్పింది.

“నేనే చెప్తాలెండి. మనవరాలు పుట్టిందని చెప్తా. స్తోత్రం చేస్తాది.”