పాటల ఫైలు తెరుచుకుంది

మైపాడులో పోస్ట్‌మన్‌గా చేసి రిటైరైన టైటస్ రెండేళ్లుగా ఒకే పని మీద ఉన్నాడు. అదే ఊళ్లో ఉండే ఎనభై దాటిన రెబెక్కమ్మకు పాత ప్రార్థన పాటలు వందకు పైగా నోటికొచ్చు. వలలు లాగేవాళ్ల ఇళ్లల్లో పాడుకున్నవి, ఎక్కడా అచ్చుకాలేదు. ఆమె పాడుతుంటే రాసుకొచ్చి ఇంట్లో కంప్యూటర్‌లో ఎక్కించేవాడు. రాసుకున్న కాగితాలు తుపానులో తడిసి పనికిరాకుండా పోయాయి. ఆమె కూడా ఈమధ్య పాట సగంలో ఆగి, తర్వాతి మాట కోసం తడుముకుంటోంది.

శనివారం పొద్దున ఫైలు తెరిస్తే ఒక్క అక్షరం మార్చనివ్వలేదు. కంప్యూటర్‌తో వచ్చిన ఆఫీసు సాఫ్ట్‌వేర్ గడువు తీరిందట. వాడాలంటే ఏటా ఆరువేల పైచిలుకు కట్టాలి.

"కట్టుడు పళ్ల సెట్టుకు దాచింది ఉంది గదా, అది కట్టేస్తా," అన్నాడు.

భార్య ఏంజెలిన్ ఒప్పుకోలేదు. "ఇంకెన్నాళ్లు గంజన్నం తాగతావు? ముందు కిషోర్ బాబును అడిగి చూడు."

కిషోర్ బాబు బోగోలులో కంప్యూటర్ సెంటర్ నడుపుతాడు. ఫోన్‌లో అంతా విన్నాడు. "రూపాయి కూడా కట్టబాకన్నా. లిబ్రే ఆఫీస్ అని ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, ఊరికే ఇస్తారు. నీ ఫైలు దాంట్లో తెరుచుకుంటది. ముందు దానికి ఇంకో కాపీ చేసి పెట్టుకో."

సెల్‌ఫోన్ నెట్‌తో అది దిగేసరికి గంట పట్టింది. కొత్తదాంట్లో ఫైలు తెరిచి చూశాడు టైటస్. ఒత్తులు ఊడి, గుణింతాలు చెదిరి, ఒక్క పాటా చదివేలా లేదు.

మళ్లీ ఫోన్ చేశాడు. "అన్నీ పోయినాయి కిషోరూ!"

"ఏం పోలేదన్నా. నువ్వు వాడిన ఫాంటు, అదే అక్షరాల తీరు, కొత్తదాంట్లో కుదర్లేదు, అంతే. మొత్తం సెలెక్ట్ చేసి ఇంకో తెలుగు ఫాంటు పెట్టు."

చెప్పినట్టే చేసి మౌస్ నొక్కాడు. తెర ఒకసారి కదిలింది. అక్షరాలన్నీ ఒత్తులతో సహా కుదురుగా కూర్చున్నాయి. మొదటి పాట నుంచి చివరిదాకా ఒక్కో పేజీ చూసుకుంటూ పోయాడు. అన్నీ ఉన్నాయి. చివర ఒక మాట చేర్చి చూశాడు, చేరింది.

"వచ్చినాయి ఏంజెలిన్!" అని అరిచాడు. ఆమె వంటింట్లోంచి పరుగున వచ్చి తెర వైపు చూసి, "దేవా, స్తోత్రం," అంటూ కుర్చీ అంచున కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రమే టైటస్ రెబెక్కమ్మ ఇంటికి బయల్దేరాడు. ఇంకా రాయాల్సిన పాటలు ఆరున్నాయి.