సుగుణ ఎదురొస్తే

హాథర్లీ భద్రమైన ఊరు. ఆ మాట చెప్పింది సాక్షాత్తూ పోలీసు ఆఫీసరు. లైబ్రరీ హాల్లో తెర మీద ఒక నీలం గీత చూపించి, ఒంటారియోలో ఇంత తక్కువ నేరాలున్న ఊళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని చెప్పింది. గీత నేలకు అతుక్కుని, పడుకున్న పాములా ఉంది.

వెనక వరసలో వెంకటేశ్వర రావు గారు భార్య వైపు వంగారు.

"తొమ్మిది వేల మంది ఉన్న ఊరు. నాలుగిళ్ళలో దొంగలు పడితే ఆ గీత కదులుతుందా? ఆ నాలుగిళ్ళూ మన తెలుగువాళ్ళవే అన్న సంగతి దానికెలా తెలుస్తుంది?"

"మెల్లగా అండీ. వింటున్నారు."

"విననీ. అందుకేగా వచ్చాం."

సుగుణ చూపంతా ముందు వరసలో కూర్చున్న అనిత మీద ఉంది. అనిత వాళ్ళమ్మ ఇచ్చిన కాసులపేరు జూన్‌లో పోయింది. ఇందాక తలుపు దగ్గర ఎదురుపడితే అనిత పలకరించలేదు సరికదా, ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తూ పక్కకి తప్పుకుంది.

హాథర్లీలో ఉన్న పాతిక తెలుగు కుటుంబాల్లో ఎవరు దూరప్రయాణం పెట్టుకున్నా ముందు సుగుణకే ఫోను వచ్చేది. "ఆంటీ, పొద్దున్నే బయలుదేరుతున్నాం, ఎదురొస్తారా?" పట్టుచీర, నుదుట నిండుగా బొట్టు, చేతిలో నీళ్ళతో ఇత్తడి చెంబు. బండి వాకిట్లోంచి రోడ్డెక్కే వేళకు ఆమె ఎదురుగా నడిచి వచ్చేది. ముత్తైదువ ఎదురొస్తే వెళ్ళిన పని అవుతుంది, క్షేమంగా తిరిగొస్తారు. "మీ చెంబు ఉండగా ట్రావెల్ ఇన్సూరెన్సు దండగ ఆంటీ" అని కుర్రాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. చేస్తూనే పిలిచేవాళ్ళు.

ఈ వేసవిలో ఆమె ఎదురొచ్చిన నాలుగు కుటుంబాలూ క్షేమంగానే తిరిగొచ్చాయి. ఇళ్ళే ఖాళీ అయ్యాయి. పట్టపగలు, బయలుదేరిన పూటే, బంగారం ఎక్కడుందో వాసన పట్టినట్టు వచ్చి ఊడ్చుకుపోయారు. అనితవాళ్ళ వాకిట్లో మాత్రం ఆ పొద్దున ఇళ్ళలో గాలిగొట్టాలు శుభ్రం చేసే డక్ట్ క్లీనింగ్ వ్యాను ఒకటి ఆగి ఉండటం పక్కింటావిడ చూసింది. వేసవి వచ్చిందంటే ప్రతి వీధిలోనూ ఆ వ్యానులే. ఎవరికి అనుమానం వస్తుంది?

మీటింగు అయ్యాక కాఫీ బల్ల దగ్గర అనిత గొంతు తగ్గించి ఎవరితోనో అంటోంది. తగ్గించిన గొంతులే సుగుణకు బాగా వినిపిస్తున్నాయి ఈమధ్య.

"నేనేం అనట్లేదు బాబూ. ఆవిడ ఎదురొచ్చిన ఇల్లే ఎందుకవుతోందో మీరే చూసుకోండి."

"నమస్తే సుగుణా!" అని ఈలోగా రస్సెల్ కాగితం కప్పు అందించాడు. నారింజ రంగు కోటు మీద 'సేఫ్టీ వాలంటీర్' అని రాసుంది. అరవై దాటినా నిటారుగా ఉంటాడు. బిస్కట్ అనే ముసలి కుక్కను వెంటేసుకుని రోజూ వీధులన్నీ చుట్టొస్తాడు, గరాజ్ తలుపు తెరిచి ఉంటే బెల్లు కొట్టి మరీ చెబుతాడు. తెల్లవాళ్ళలో ఆమె పేరు సరిగ్గా పలికేది అతనొక్కడే. "దిగులు పడకు. మేం కనిపెట్టుకునే ఉన్నాం" అన్నాడు ఇంగ్లీషులో.

ఆ మాటకు సుగుణ కళ్ళు చెమర్చాయి.

అప్పుడే ఆమె మోచెయ్యి ఎవరో పట్టుకున్నారు. నీరజ. ఒంటారియోలోనే ఉన్న లండన్ అనే ఊళ్ళో, ఆస్పత్రిలో నర్సు, ఎదురు వరసలో మూడో ఇల్లు.

"గురువారం మాంట్రియల్ ప్రయాణం ఆంటీ. మా మరిది గృహప్రవేశం. ఎదురొస్తున్నారు కదా?"

"నేనా? వద్దులేమ్మా. వింటున్నావుగా ఏమంటున్నారో."

"అననీండి. మీరు రాకపోతే మా బండి కదలదు."

ఇంటికొచ్చాక రావుగారు గట్టిగానే చెప్పారు. "ఈసారి మానెయ్యి సుగుణా. ఏమైనా అయితే ఇక మనం ఈ ఊళ్ళో తలెత్తుకోలేం."

"మానేస్తే నేనే ఒప్పుకున్నట్టవుతుందండీ."



గురువారం ఎండ పెళపెళలాడుతోంది. సుగుణ నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని, చెంబు నింపుకుని వీధిలోకొచ్చింది. నీరజ భర్త శ్రీరామ్ నడుపుతున్న వ్యాను వాకిలి దాటి మలుపు తిరిగింది. వెనక సీట్లో పిల్లలిద్దరూ చేతులూపారు. ముందు సీటు ఖాళీగా ఉంది.

నీరజ ఏదీ?

అడగబోయి ఆగిపోయింది. ప్రయాణమై వెళ్ళేవాళ్ళను వెనక్కి పిలవకూడదు. శకునం బాగోకపోతే వాళ్ళంతట వాళ్ళే లోపలికెళ్ళి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి గానీ, వీధిలో నిలబెట్టి ఆరా తీయకూడదు. పుట్టినప్పటినుంచీ వింటున్న మాట. దీవిస్తున్నట్టు చెయ్యెత్తింది, అంతే. వ్యాను పెద్దరోడ్డెక్కి మాయమైంది.

ఎదురుగా పార్కులో బెంచీ మీద రస్సెల్ కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర బిస్కట్. రస్సెల్ ఆమెను చూసి రెండు చేతులూ జోడించి, ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

ఇంట్లోకి వచ్చి చెంబు బల్ల మీద పెడుతుండగా ఆమె ఫోను మోగింది. శ్రీరామ్ దారిలో కాఫీకి ఆగి పంపిన వాయిస్ మెసేజ్.

"ఆంటీ, చెప్పడం మర్చిపోయా. నీరజకి లాస్ట్ మినిట్‌లో నైట్ షిఫ్ట్ పడింది. పొద్దున్నే వచ్చి పడుకుంది. శనివారం ట్రైన్‌లో వస్తుంది. సాయంత్రం లేచాక కొంచెం చారేదైనా ఇస్తారా? ఫోన్ చెయ్యకండి, సైలెంట్‌లో పెట్టేసి చెవుల్లో దూది పెట్టుకుంటుంది."

సుగుణ నవ్వుకుంటూ కిటికీ తెర జరిపింది. వీధి చివర తెల్ల వ్యాను ఒకటి నెమ్మదిగా మలుపు తిరుగుతోంది. పక్కన నీలం అక్షరాలు. డక్ట్ క్లీనింగ్.

నవ్వు ఆగిపోయింది.

ఏప్రిల్ నెల గుర్తొచ్చింది ఆమెకు. ఇదే వీధి, అదే బెంచీ. "సుగుణా, నువ్వు అంత అందమైన చీర కట్టుకుని కార్లకు ఎదురెళ్తావెందుకు?" అని రస్సెల్ అడిగాడు. ఇన్నేళ్ళలో ఒక తెల్లవాడు మన ఆచారం గురించి మర్యాదగా అడగడం అదే మొదటిసారి. పొంగిపోయి కూర్చుని విడమరిచి చెప్పింది. దూరం వెళ్ళేవాళ్ళకేనయ్యా, ఇంటిల్లిపాదీ కొన్నాళ్ళు ఉండకుండా వెళ్ళేటప్పుడే.

మొదటి ఇల్లు పోయింది మే నెలలో.

"ఏవండీ! పోలీసులకు ఫోన్ చెయ్యండి. నీరజ ఇంట్లో ఉంది. ఆ వ్యాను వాళ్ళకు ఇల్లు ఖాళీ అని నేనే చెప్పాను."

"నువ్వు చెప్పడమేంటి?"

"చీర కట్టుకుని చెప్పానండీ! చెయ్యండి ముందు!"

రావుగారు 911 నొక్కారు. అవతలి అమ్మాయి గొంతు మంచినీళ్ళంత చల్లగా ఉంది. ఎవరైనా లోపలికి దూరారా? దూరబోతున్నారు. ఆయుధాలున్నాయా? తెలీదు. సర్, డక్ట్ క్లీనింగ్ బండి ఆగిందని ఫోన్ చేస్తున్నారా మీరు? ఆఫీసరును పంపిస్తాం, అయితే మా బండి హైవే మీద ప్రమాదం దగ్గరుంది. నేరాలు లేని ఊరికి ఒకటే బండి.

"వస్తారట. నువ్వు కదలకు" అని ఆయన తలెత్తేసరికి వీధి తలుపు తెరిచి ఉంది. బల్ల మీద చెంబు లేదు.

వ్యాను నీరజవాళ్ళ వాకిట్లోకి ఎక్కింది. ఇద్దరు దిగారు. ఒకడు లావుపాటి గొట్టం భుజాన వేసుకుని పక్క గేటు గడియ తీస్తున్నాడు, తనింటికే వచ్చినంత నింపాదిగా. రెండోవాడి చేతిలో ఇనప కడ్డీ ఉంది. డక్టులకు కడ్డీ ఎందుకు?

సుగుణ రోడ్డు దాటింది. పట్టుచీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడుతున్నాయి.

"సుగుణా! అంతా బాగానే ఉందా?"

వెనక నుంచి రస్సెల్. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు దాటాడో, కుక్క గొలుసు చేతికి చుట్టుకుని దగ్గరికొచ్చేశాడు.

"ఆ మనుషులెవరు?" అంది ఇంగ్లీషులో.

"డక్టులు శుభ్రం చేసేవాళ్ళు. ఇంటాయన చెప్పి వెళ్ళాడు. మాంట్రియల్ నుంచి సోమవారం దాకా రారుగా, నన్ను ఓ కన్నేసి ఉంచమన్నాడు. ఎండగా ఉంది, ఇంటికెళ్ళు."

శ్రీరామ్ చెప్పి వెళ్ళాడా? భార్య లోపల నిద్రపోతుంటే? అబద్ధం ఎంత సాఫీగా వచ్చింది! సుగుణ అతని మొహంలోకి చూసింది. మాట బయటపెడితే నీరజకు మేలో కీడో తెలీదు. కానీ గేటు తెరుచుకుంది, గొట్టం వాడు పెరట్లోకి పోతున్నాడు.

"ఇంట్లో మనిషి ఉంది" అంది. "నీరజ వెళ్ళలేదు. పైన ఉంది."

రస్సెల్ పై కిటికీ వైపు చూశాడు. చూసి, గేటు వైపు తల తిప్పాడు. ఆశ్చర్యపోలేదు. పెరట్లోని మనుషులను కేకేసి ఆపలేదు. లెక్క తప్పినవాడు మళ్ళీ మొదటినుంచి కూడుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత ఆమె వైపు తిరిగాడు. ఆ మొహంలో ఇన్నాళ్ళుగా చూసిన నవ్వు లేదు.

"నువ్వు పొరబడ్డావు" అన్నాడు మెల్లగా. "ఇంటికెళ్ళు."

వెళ్తున్నట్టే రెండడుగులు పక్కకి వేసింది సుగుణ. అనితవాళ్ళ ఇల్లు పోయాక శ్రీరామ్ అలారం పెట్టించి అందరికీ చూపించాడు. 'గాజు పగిలితే చాలు ఆంటీ, ఊరంతా లేస్తుంది' అన్నాడు. నీరజవాళ్ళ వీధి తలుపు పక్కన నిలువుటద్దమంత గాజు పలక తళతళలాడుతోంది. చిన్నప్పుడు మామిడి తోటలో రాయి విసిరితే కాయ రాలాల్సిందే అనిపించుకున్న చెయ్యి. నీళ్ళతో సహా చెంబు ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి విసిరింది.

గాజు భళ్ళున రాలింది. ఆ వెంటనే ఇల్లు ఇల్లంతా అరవడం మొదలుపెట్టింది.

పెరట్లోంచి ఇద్దరూ పరుగున వచ్చి వ్యానెక్కారు. గొట్టం గడ్డి మీదే ఉండిపోయింది. వ్యాను అడ్డదిడ్డంగా వెనక్కొచ్చి, కాలిబాట ఎక్కి దిగి దూసుకుపోయింది. పైన కిటికీ తెర తొలిగి, చెదిరిన జుట్టుతో నీరజ మొహం కనిపించింది.

ప్రాణాలతో ఉంది. సుగుణ అక్కడే కూర్చుండిపోయింది.

రస్సెల్ పారిపోలేదు. ఆమె పక్కన వంగి, ఆదరంగా భుజం పట్టుకున్నాడు. చూసేవాళ్ళకు అలాగే కనిపించి ఉంటుంది. అలారం మోతలో అతని మాట ఆమెకొక్కదానికే వినిపించింది.

"మీ ఆయనకు శుక్రవారాలు మోకాలికి ఫిజియోథెరపీ కదూ? ఆ పూట నువ్వొక్కదానివే ఉంటావు. జాగ్రత్త."

పోలీసు బండి వచ్చేసరికి నీడలు చిన్నవయ్యాయి. లైబ్రరీలో గీత చూపించిన ఆఫీసరే వచ్చింది. వ్యాను నంబరు ప్లేటు దొంగదని తేలింది. రస్సెల్ దగ్గరుండి సాక్ష్యం చెప్పాడు. పనివాళ్ళనే అనుకున్నాను, ఇంటాయన చెప్పాడన్నది నా పొరపాటేమో, వేరే ఇంటి సంగతి అయ్యుంటుంది. పదేళ్ళుగా ఊరికి కాపలా తిరుగుతున్న మనిషి. సుగుణ చెప్పిందంతా ఆఫీసరు ఓపికగా రాసుకుంది.

"ఆయన మిమ్మల్ని జాగ్రత్తగా ఉండమన్నారు. అంతేనా?"

"అంతే" అంది సుగుణ. ఇంకేం చెప్పాలి?

"ఏదీ పోలేదు కాబట్టి ఇది దొంగతనం కింద రాదు."

రావుగారు ఊరుకోలేకపోయారు. "గీత కదలదన్నమాట."

ఆ సాయంత్రం నీరజ కూర్చుని ఇంటింటికీ ఫోన్లు చేసింది. మర్నాడు పొద్దున తను ఎక్కడ నిలబడబోతోందో మాత్రం సుగుణ ఆమెకు చెప్పింది, ఎవరితో ఏం చెప్పిందో అడగలేదు.

శుక్రవారం పొద్దున రావుగారు చెప్పులేసుకుని, మళ్ళీ విప్పేశారు. "నేను వెళ్ళను. మోకాలు ఎటైనా పోనీ."

"మీరు మామూలుగా వెళ్ళండి" అంది సుగుణ. ఆమె ఒంటి మీద నెమలికంఠం పట్టుచీర ఉంది. సొట్ట పడ్డ చెంబులో నీళ్ళు నింపుతోంది.

"ఎవరు బయలుదేరుతున్నారు?"

"రస్సెల్."

ఆయన కారు తాళాలు బల్ల మీద పెట్టేసి వెంట నడిచారు.

పార్కు అవతల రస్సెల్ ఇల్లు. రోజూ ఈ వేళకే కుక్కతో బయటికొస్తాడు. సుగుణ అతని వాకిలికి ఎదురుగా, రోడ్డు మీదే నిలబడింది. వెనక ఏదో అలికిడైంది. నీరజ, నైటీ మీద చున్నీతో. కాస్త దూరంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. అందరికన్నా చివర అనిత, పట్టుచీరలో, స్టీలు చెంబుతో.

"ఎలా పట్టుకోవాలి ఆంటీ? నాకు అలవాటు లేదు" అంది అనిత తల దించుకుని.

"రెండు చేతుల్తో పట్టుకో. ఒణికితే ఒలుకుతుంది."

తలుపు తెరుచుకుంది. ముందు బిస్కట్ వచ్చింది, తోక ఊపుతూ. తర్వాత రస్సెల్. మెట్టు మీద కాలు పెట్టి తలెత్తాడు. అతని చూపు ఒక్కొక్క మొహం మీదుగా సాగి, సుగుణ దగ్గర ఆగింది. చేతులు సగం జోడించి, మధ్యలో వదిలేశాడు. గొలుసు లాగి కుక్కను వెనక్కి తిప్పుకుని లోపలికెళ్ళాడు. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు. కిటికీ తెర అంచు కొంచెం కదిలింది.

"వెళ్ళిపోయాడుగా. మనమూ పోదామా?" అని రావుగారు అడిగారు.

సుగుణ కదలలేదు. శకునం బాగోలేక వెనక్కి వెళ్ళినవాడు కాసేపు కూర్చుంటాడు, నీళ్ళు తాగుతాడు, మళ్ళీ బయలుదేరతాడు.

చెంబు సరిగ్గా పట్టుకుని, ఆ తలుపు వైపే చూస్తూ నిలబడింది.